మెయిన్ స్ట్రీట్‌లో ఆ నలుగురు పాడేది రికార్డింగ్ కాదండీ

మీరు అడిగినవి మూడు. ఒర్లాండోలో డిస్నీవాళ్ళ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు గేటు దాటగానే చారల కోట్లు వేసుకున్న నలుగురు మగవాళ్ళు ఏ వాయిద్యమూ లేకుండా పాడుతుంటే చూశారు, అది నిజంగా పాడటమా లేక వెనకాల పాట పెట్టి పెదాలు కదపటమా అన్నది మొదటిది. ఇలాంటి బృందాలు థీమ్ పార్కుల్లోకి ఎప్పటినుంచి వచ్చాయి, ఎలా వచ్చాయి అన్నది రెండోది. డిసెంబర్‌లో పిల్లలతో మళ్ళీ వెళ్తున్నాం, ఏది వదలకూడదు అన్నది మూడోది. మీ ప్రశ్న కింద ఒకరు "అదంతా ట్రాకే, ఆగకుండా రైడ్స్‌కి పోండి" అని రాశారు. అది తప్పండీ. అందుకే కాస్త పొడవుగా రాస్తున్నాను.

నా సంగతి రెండు మాటల్లో చెప్తాను. గుంటూరులో చిన్నప్పుడు చర్చి క్వయర్‌లో బేస్, అంటే అందరికంటే కింది గొంతు పాడేవాణ్ణి, అమెరికా వచ్చాక పద్నాలుగేళ్ళు మా ఊరి బార్బర్‌షాప్ కోరస్‌లో అదే బేస్. వాయిద్యం లేకుండా నాలుగు గొంతులు కలిపి పాడే పద్ధతిని బార్బర్‌షాప్ అంటారు. మీరు చూసిన బృందంలో నేనెప్పుడూ లేను కానీ వాళ్ళు పాడే పద్ధతిలోనే ప్రతి మంగళవారం సాయంత్రం పాడుతూ వచ్చాను కాబట్టి అక్కడ ఏం జరుగుతోందో చెప్పగలను.

ఆ బృందం పేరు డాపర్ డాన్స్. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 1959లో మొదలైంది, ఫ్లోరిడా పార్కు 1971లో తెరిచినప్పటినుంచి అక్కడా ఉంది. నలుగురే పాడతారు గానీ ఆ నలుగురే రోజూ రారు. వంతులవారీగా వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, ఇవాళ ఏ నలుగురు కలిసినా అదే పాట అదే శ్రుతిలో రావాలి. ఇది వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ పాడేవాళ్ళకి పెద్ద పరీక్ష, ఎందుకంటే పక్కవాడు మారితే మన గొంతు అతనితో కలిసే తీరు కూడా మారిపోతుంది. చేతిలో చిన్న పిచ్ పైప్ ఉంటుంది, పాటకి ముందు దాన్ని ఒక్కసారి ఊది శ్రుతి అందుకుంటారు, మనవాళ్ళు శ్రుతి పెట్టె ఆన్ చేసుకున్నట్టే. తేడా ఏంటంటే ఆ తర్వాత ఆసరా ఏదీ ఉండదు. మూడు నిమిషాల పాట అయ్యేసరికి మొదలుపెట్టిన శ్రుతిలోనే ఉన్నారా, కిందికి జారారా అన్నది వాళ్ళ చెవుల మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక్కోసారి వాళ్ళు చట్రానికి బిగించిన లోహపు గొట్టాలు పట్టుకుని ఊపుతారు, గమనించారా? వాటిని డీగన్ ఆర్గన్ చైమ్స్ అంటారు. షికాగోలోని డీగన్ కంపెనీ వంద ఏళ్ళ కిందట చేసిన వస్తువులవి. ఒక్కో చట్రంలో ఒకే స్వరం, కాకపోతే మంద్రం, మధ్య, తారం అన్ని స్థాయిలూ ఒకేసారి మోగేలా చిన్నా పెద్దా గొట్టాలు ఉంటాయి. ఒక మనిషి చేతిలో ఒకటో రెండో స్వరాలే ఉంటాయి కాబట్టి పాట మొత్తం నలుగురి చేతుల్లో ముక్కలు ముక్కలుగా తిరుగుతుంది. ఒక్కడు అర లిప్త ఆలస్యం చేసినా రాగం కుంటుతుంది. ఈసారి వెళ్ళినప్పుడు గొట్టాలు కాదు, వాళ్ళ కళ్ళు చూడండి, ఒకరి మణికట్టుని ఇంకొకరు ఎలా కనిపెట్టుకుని ఉంటారో తెలుస్తుంది.

ఇక పాట విషయం. మన తెలుగువాళ్ళు ఇలాంటివి విన్నప్పుడు ఎక్కడ తప్పిపోతారో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అక్కడే తప్పిపోయాను. మన చెవి ఒకే దారాన్ని పట్టుకుంటుంది. కచేరీ అయినా, భజన అయినా, సినిమా పాట అయినా రాగం ఎటు పోతే మనసు అటు పోతుంది. బార్బర్‌షాప్‌లో రాగం పైన ఉండదు, మధ్యలో ఉంటుంది. దాన్ని పాడేవాణ్ణి లీడ్ అంటారు. అతని మీద సన్నటి గొంతుతో టెనర్, అందరికంటే కింద బేస్, మిగిలిన సందుల్లో బారిటోన్. ఈ బారిటోన్ పాపం రాగం కాని రాగం పాడుతూ ఒకసారి లీడ్‌కి పైకి, ఒకసారి కిందికి గెంతుతుంటాడు. అతని ఒక్కడి పాట విడిగా వింటే అర్థంపర్థం ఉండదు. కానీ అతన్ని తీసేస్తే మొత్తం కూలిపోతుంది.

ఈ నలుగురూ సరిగ్గా కలిసిన క్షణంలో ఎవరూ పాడని ఐదో గొంతు ఒకటి పైన వినపడుతుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని రింగ్ అంటారు. మనకి ఇది కొత్తేమీ కాదు. తంబూర బాగా శ్రుతి చేసి మీటినప్పుడు ఎవరూ పలికించకుండానే అంతర గాంధారం వినపడుతుందే, స్వయంభూ గాంధారం అంటాం, అచ్చం అదే ఇది. ఒక తీగ మోగితే దానిలోపలే పై స్వరాలు దాగి ఉంటాయి. ఒకేసారి పలికే స్వరాల గుత్తిని కార్డ్ అంటారు. బార్బర్‌షాప్‌వాళ్ళు ఎక్కువగా వాడే కార్డ్‌లో షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం ఉంటాయి, వాటి కంపనాలు 4, 5, 6, 7 నిష్పత్తిలో కుదరాలని చూస్తారు. పియానోలో ఉండే నిషాదం కంటే ఈ నిషాదం కొంచెం కిందికి ఉంటుంది. అందుకే వాయిద్యం లేకుండా పాడతారు, ఉంటే అది వాళ్ళ శ్రుతిని చెడగొడుతుంది. నలుగురి స్వరాల్లో దాగిన పై స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి బలపడితే ఆ మోత పుడుతుంది. నాకు మొదటిసారి ఇది జరిగినప్పుడు మా రిహార్సల్ గదిలో ఎవరో తలుపు తీసి లోపలికొచ్చి పాడుతున్నారనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఒళ్ళు ఝల్లుమంది. రికార్డింగ్ అని రాసినాయన ఒక్కసారి వాళ్ళకి ఆరడుగుల దూరంలో నిలబడితే చాలు, ఆ మాట మళ్ళీ అనరు.

రెండో ప్రశ్నకి వస్తే, పార్కులకంటే ముందు ఈ పాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే పార్కు ఆ భాగం చెప్పదు. డిస్నీ మెయిన్ స్ట్రీట్ అనేది 1900 ప్రాంతపు అమెరికా చిన్న ఊరికి బొమ్మ. గ్యాసు దీపాలు, గుర్రపు ట్రామ్, మంగలి షాపు ముందు పాడే నలుగురు తెల్లవాళ్ళు. ఇది చూసి ఈ సంగీతం తెల్లవాళ్ళదే అనుకుంటాం. కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దక్షిణాది నల్లజాతివాళ్ళు మంగలి షాపుల్లో, వీధి మలుపుల్లో, చర్చిల్లో నలుగురు చేరి ఆశువుగా స్వరాలు కలుపుకుంటూ పాడిన పద్ధతి ఇది. రచయిత జేమ్స్ వెల్డన్ జాన్సన్ తన చిన్నప్పుడు ఫ్లోరిడాలో ఇలాంటివి విన్నానని రాశాడు, 1992లో లిన్ ఆబట్ అనే పరిశోధకుడు పాత పత్రికలన్నీ తిరగేసి దీన్ని రుజువులతో చూపించాడు. తర్వాత గ్రామఫోన్ రికార్డులు, నాటక కంపెనీలు దీన్ని తెల్లవాళ్ళ చేతికి ఇచ్చాయి. 1938లో ఓక్లహోమాలోని టల్సాలో బార్బర్‌షాప్ సొసైటీ పెట్టారు. 1941లో న్యూయార్క్ నగర పోటీలో గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్ అనే బృందం గెలిచింది. వాళ్ళు రైల్వే స్టేషన్‌లో సామాన్లు మోసే నల్లజాతి పోర్టర్లు. జాతీయ పోటీకి వాళ్ళని రానివ్వలేదు. అది అన్యాయమని న్యూయార్క్ మాజీ గవర్నర్ ఆల్ స్మిత్, నగర పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ సొసైటీనుంచి తప్పుకున్నారు. నల్లవాళ్ళకి సభ్యత్వం 1963 దాకా తెరుచుకోలేదు. నేను పాడిన కోరస్ ఆ సొసైటీదే, కాబట్టి ఇది దాచిపెట్టి మిగతాది చెప్పడం నాకు చేతకాదు. నాలాంటి గుంటూరు మనిషి అక్కడ నిలబడి బేస్ పాడగలిగాడంటే ఆ తలుపు తెరుచుకోవడానికి ముందు ఎవరెవరు బయట నిలబడ్డారో తెలిసి ఉండాలి.

డిస్నీల్యాండ్ 1955 జులై 17న తెరిచారు. వాల్ట్ డిస్నీకి ఒక సంగతి బాగా తెలుసు, రైడ్ దగ్గర క్యూలో గంటసేపు నిలబెట్టిన మనిషికి రోడ్డు మీద ఏదో ఒకటి ఉచితంగా దొరకాలి. మన తిరునాళ్ళలో ఇది అందరికీ తెలిసిందే. బుర్రకథవాళ్ళు టిక్కెట్టు అడగరు, దారిన పోయేవాడి కాలు ఆగాలి, ఆగినవాడు కదలకూడదు. కథకుడు ఒక మాట వదిలితే పక్కన వంతలు తందాన తాన అని అందుకుంటారు, అందులో సగం పని జనాన్ని పట్టి ఉంచడమే. డాపర్ డాన్స్ పని కూడా అదే. వాళ్ళ జోకులు, ట్యాప్ డాన్స్, ఎవరిదైనా పుట్టినరోజు బ్యాడ్జ్ కనపడితే ఆ పిల్ల ముందు నిలబడి పాడటం, అన్నీ అందుకే. స్టేజీ మీద పాడేవాడికి జనం అప్పటికే కుర్చీల్లో కూర్చుని ఉంటారు. వీధిలో పాడేవాడు ప్రతి పాటకీ జనాన్ని కొత్తగా సంపాదించుకోవాలి. నాకు ఇద్దరిలో వీధివాడే గొప్పవాడు.

చిన్న బృందాలతోపాటు పెద్ద క్వయర్ కూడా తొందరగానే వచ్చింది. 1958లో క్రిస్మస్‌కి సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో క్వయర్ నడిపిన చార్ల్స్ హర్ట్ ఆధ్వర్యంలో క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్ మొదలైంది. వందలమంది చేతుల్లో దీపాలు పట్టుకుని పాడుతూ మెయిన్ స్ట్రీట్ మీద నడిచొస్తారు, తర్వాత ఎవరో ఒక ప్రముఖుడు యేసు పుట్టిన కథ చదువుతాడు, మధ్యమధ్యలో పాటలు. ఫ్లోరిడాలో 1971నుంచీ ఉంది, 1994లో అక్కడే ఉన్న డిస్నీ ఇంకో పార్కు ఎప్‌కాట్‌కి మార్చారు.

అదే రోజుల్లో ఇంకో దారి కూడా తెరుచుకుంది. 1963లో టికీ రూమ్ వచ్చింది, అందులో పాడేవి యంత్రపు పక్షులు. 1969లో హాంటెడ్ మాన్షన్ వచ్చింది, అందులో శ్మశానంలో ఐదు రాతి తలలు పాడుతుంటాయి, రాతి మీద మనుషుల ముఖాలు సినిమాలా పడుతుంటాయి. ఆ ఐదింటిలో పగిలిన తల వాల్ట్ డిస్నీదని చాలామంది అనుకుంటారు, కాదు, అది థర్ల్ రేవెన్స్‌క్రాఫ్ట్ అనే బేస్ గాయకుడిది. మెల్లోమెన్ అనే గాత్ర బృందంలో పాడిన మనిషి, బేస్ పాడేవాళ్ళందరికీ పెద్దన్న లాంటివాడు. ఆ గొంతు వినడానికే నేను ఆ రైడ్‌కి నాలుగుసార్లు వరసగా ఎక్కాను. పార్కు నడిపేవాళ్ళ వైపునుంచి చూస్తే యంత్రానికి జలుబు చేయదు, జీతం అడగదు, ఒకసారి రికార్డు చేస్తే యాభై ఏళ్ళు పాడుతుంది. అయినా వీధిలో మనుషులు ఉండిపోయారు. రాతి తల మీ పిల్ల పేరు పెట్టి పాడలేదు కదా.

నాకు అన్నిటికంటే దగ్గరైనది మాత్రం 1982లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 1న ఎప్‌కాట్ తెరిచారు, అందులో అమెరికా పెవిలియన్‌లో, అంటే అమెరికా పేరు మీద కట్టిన భవనంలో, వాయిసెస్ ఆఫ్ లిబర్టీ అనే బృందం. దీన్ని తయారు చేసింది డెరిక్ జాన్సన్. ఆడా మగా కలిసి, పందొమ్మిదో శతాబ్దపు బట్టల్లో, వాయిద్యం లేకుండా ఎనిమిది వేర్వేరు స్వరాల్లో పాడతారు. నాలుగు స్వరాలకే ఆ మోత పుడితే ఎనిమిదికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా వాళ్ళు పాడే గుండ్రటి హాలుకి పైన గుమ్మటం. గోల్కొండ కోటలో కింద చప్పట్లు కొడితే పైన బాలాహిసార్ దగ్గర వినపడుతుందని చూపిస్తారు కదా, అక్కడ గుమ్మటమే మాట మోసుకెళ్తుంది. ఇక్కడ ఆ గుమ్మటం పాటని పైకి లాక్కుని వెంటనే మన నెత్తి మీద పోస్తుంది. వాళ్ళు పాడటం ఆపాక ఒక క్షణం అక్కడే గాలిలో ఉంటుంది కార్డ్. దర్శకుడనేవాడు ఎదురుగా నిలబడి చేతులు ఊపడు, ఒకరి ఊపిరి ఒకరు విని అందుకుంటారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఏసీ కోసం లోపలికి దూరాను. బయట జులై ఎండ, చంకలో రెండేళ్ళ కూతురు ఏడుస్తోంది. వాళ్ళు మొదలుపెట్టగానే పిల్ల ఏడుపు ఆపి తల పైకెత్తి గుమ్మటం వైపు చూసింది. పాడేది ఎదురుగా, పిల్ల చూసింది పైకి. దానికి ఎవరూ చెప్పలేదు పాట అక్కడినుంచి వస్తోందని.

అదే ఎప్‌కాట్‌లో మెక్సికో పెవిలియన్ దగ్గర మరియాచి కోబ్రే కూడా 1982నుంచీ ఉంది. ఆరిజోనాలోని టూసాన్‌నుంచి వచ్చిన బృందం, వయొలిన్లు, ట్రంపెట్లు, గిటార్లు వాయిస్తూనే గొంతులు కలిపి పాడతారు. వాయిద్యాలు ఉన్నాయి కాబట్టి గాత్ర బృందం కాదంటారు కొందరు. నేను ఒప్పుకోను, వాళ్ళ కోరస్ ఒక్కసారి వినండి.

డిస్నీ బయట చూస్తే నాష్‌విల్‌లో ఓప్రీల్యాండ్ గురించి చెప్పకపోతే పాపం. 1972లో తెరిచిన ఆ పార్కులో రైడ్స్ ఉన్నా అసలు సరుకు సంగీతమే, అమెరికా పాటల చరిత్రనంతా పాడి చూపించే పెద్ద షోలు, వాటిలో పాడేవాళ్ళంతా ఎక్కువగా కాలేజీ వయసువాళ్ళు. రోజుకి నాలుగైదు షోలు పాడి పాడి గొంతు రాటుదేలేది. 1997 చివర్లో మూసేశారు, ఆ చోట షాపింగ్ మాల్ కట్టారు. మా కోరస్‌లో ఒక పెద్దాయన కుర్రతనంలో అక్కడ పాడారు, ఆ మాల్‌కి ఒక్కసారి కూడా వెళ్ళలేదట. టెనెస్సీలోనే డాలీ పార్టన్ పేరు మీద 1986లో డాలీవుడ్ వచ్చింది, అక్కడ కింగ్‌డమ్ హెయిర్స్ అనే సదరన్ గాస్పెల్ క్వార్టెట్, అంటే క్రైస్తవ భక్తి పాటలు పాడే నలుగురి బృందం, దశాబ్దాలపాటు పాడింది. మీరు చర్చికి వెళ్ళేవాళ్ళైనా కాకపోయినా వాళ్ళ బేస్ గొంతు వింటే బల్ల కింద నేల అదురుతుంది.

యూనివర్సల్‌వాళ్ళు కొత్తగా ఏం చేశారంటే, 2010లో ఒర్లాండోలో హ్యారీ పోటర్ ఊరు కట్టినప్పుడు హాగ్వర్ట్స్ విద్యార్థుల వేషంలో నలుగురు గాయకులని పెట్టి, వాళ్ళ పక్కన మెత్తటి దిండ్ల మీద పెద్ద బొమ్మ కప్పలని కూర్చోబెట్టారు. ఫ్రాగ్ క్వయర్ అంటారు. కప్ప బెకబెకలు తాళం వేస్తాయి, పిల్లలు పైన స్వరాలు కలుపుతారు. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ మెయిన్ స్ట్రీట్ మంగలి షాపు కథే ఇది, వేషం మార్చారంతే, దారిన పోయేవాణ్ణి ఆపడానికి నాలుగు గొంతులు చాలన్న నమ్మకం మారలేదు.

2020 మార్చిలో పార్కులన్నీ మూసేసినప్పుడు మాకు నిజంగా భయం వేసింది. వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ లోయ అనే చోట ఒక్క క్వయర్ రిహార్సల్‌నుంచి పదుల మందికి కోవిడ్ సోకి ఇద్దరు చనిపోయారన్న వార్త అందరికంటే ముందు మాలాంటివాళ్ళకి తగిలింది. గొంతు కలపాలంటే పక్కపక్కన నిలబడాలి, పక్కపక్కన నిలబడి గట్టిగా ఊపిరి వదలడమే ప్రమాదమైంది. మా కోరస్ ఏడాదిన్నర కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరి పాట వాళ్ళు విడిగా రికార్డు చేసుకుంది. అన్నీ కలిపి వింటే శ్రుతి బాగానే ఉంటుంది, ఆ ఐదో గొంతు మాత్రం రాదు. పార్కులు తెరిచాక కూడా పాడే బృందాలు ఒక్కొక్కటిగా, కొన్నాళ్ళు జనానికి దూరంగా పెద్ద స్టేజీల మీదకి తిరిగొచ్చాయి. వాయిసెస్ ఆఫ్ లిబర్టీ గుమ్మటం కిందకి తిరిగొచ్చారని విన్నరోజు మా ఇంట్లో పాయసం చేశాం.

ఇక మీ మూడో ప్రశ్న. డిసెంబర్‌లో వెళ్తున్నారు కాబట్టి ఎప్‌కాట్‌కి ఒక పూర్తి సాయంత్రం ఉంచండి. క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్ టిక్కెట్టు విడిగా లేదు, పార్కు టిక్కెట్టు చాలు, కానీ సీట్ల కోసం ముందుగా క్యూలో నిలబడాలి. పిల్లలకి తినడానికి ఏదైనా, చలికి పల్చటి స్వెటర్ పెట్టుకోండి, నీళ్ళ దగ్గర కదా, చీకటి పడ్డాక గాలి కొడుతుంది. ఆ క్వయర్‌లో పాడేవాళ్ళలో చాలామంది హైస్కూల్ పిల్లలు, వాళ్ళ స్కూల్ క్వయర్లు ముందుగా దరఖాస్తు చేసుకుని ఎంపికై వస్తాయి. మీ పిల్లలు ఇక్కడ స్కూల్లో క్వయర్‌లో ఉంటే టీచర్‌ని అడగండి, మనవాళ్ళు ఆర్కెస్ట్రాకీ మ్యాథ్ క్లబ్‌కీ పంపినంతగా క్వయర్‌కి పంపరు, కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకి శ్రుతి అప్పటికే ఉంటుంది కాబట్టి చాలా తొందరగా అందుకుంటారు.

మధ్యాహ్నం వాయిసెస్ ఆఫ్ లిబర్టీకి వెళ్ళండి. ఆ రోజు టైమింగ్స్ యాప్‌లో చూసుకోండి, మారుతుంటాయి. పావుగంట ముందు వెళ్ళి గుమ్మటం నడిమధ్యకి దగ్గరగా నేల మీద కూర్చోండి. మ్యాజిక్ కింగ్‌డమ్ రోజు ఉదయాన్నే వెళ్తే డాపర్ డాన్స్ దొరుకుతారు, జనం పలచగా ఉంటారు కాబట్టి దగ్గరగా నిలబడొచ్చు. మొదటి పాట లీడ్‌ని వినండి, రాగం తెలుస్తుంది. రెండో పాటకి అతన్ని వదిలేసి అందరికంటే కింద పాడేవాడి ఎదురుగా జరగండి. చిన్నపిల్లని ఎత్తుకుని నిలబడితే ఇంకా మంచిది, వాళ్ళకి మనకంటే ముందు వినపడుతుంది.